మంచె దిగిన నాన్న

సుపీరియర్ సరస్సు దగ్గరి వేటగుడిసె, నవంబరు

అమ్మా, ఇద్దరం బాగానే ఉన్నాం, ముందు ఆ మాట నమ్ము. నిన్న పొద్దున నేను వద్దంటున్నా వినకుండా నాన్న జింకల మంచె ఎక్కాడు. "నేల మీద కూర్చుంటే నా వాసన జింక ముక్కుకి తగలదూ!" అన్నాడు. ఎక్కడం బాగానే ఎక్కాడు. దిగబోయేసరికి నిచ్చెన మెట్ల మీద మంచు పేరుకుంది. సగం దిగి అక్కడే బిగుసుకుపోయాడు. నేను కిందనుంచి ఎక్కి, ఒక్కో పాదం పట్టుకుని ఒక్కో మెట్టు మీద పెట్టాను. "మెల్లగా అమ్మడూ, అది నా కాలు, కట్టెపుల్ల కాదు" అని కసిరాడు గానీ, నేల తగిలాక చాలాసేపు నా భుజం వదల్లేదు. అప్పుడే పెద్ద కొమ్ముల జింకొకటి మా ముందునుంచే నడిచిపోయింది. ఇద్దరం తుపాకీ ముట్టలేదు.

శనివారం వచ్చే వైనో మామయ్య చేత రై ధాన్యపు రొట్టె, నాన్న ఉన్ని మేజోళ్లు పంపు. ఆవిరిస్నానపు గది పొగగొట్టం బాగుచేయించావా? వచ్చే ఏటికి మంచె ఎత్తు తగ్గించాలి, నేను చెప్తే వినడు, నువ్వే చెప్పాలి. తమ్ముడికి ముద్దులు.

నాన్న తనంతట తనే దిగాడని నీకు రాయమన్నాడు. ఇంటికొచ్చాక అడుగుతాడు, నేను అలాగే రాశానని చెప్పమ్మా.

నీ ఐలీ