బండోడి నడక

ఫిబ్రవరి 4, 2008, సోమవారం

కొత్త గేమ్‌లో రోబో పని నాకే ఇచ్చారు. ఐదుగురు ఒక జట్టుగా చేరి ఎదుటి జట్టుని కాల్చే గేమ్. ఐదోవాడు రోబో. కాల్చడం తక్కువ, మోత ఎక్కువ. దెబ్బతిన్నవాళ్ళని భుజానేసుకుని వెనక్కి తెస్తాడు. ఆఫీసులో అప్పుడే బండోడని పేరు పెట్టేశారు. బొమ్మ గీయడం నాదే, దాన్ని నడిపించడమూ నాదే. బరువుగా నడవాలి, జాగ్రత్తగా నడవాలి అని కెనడా క్లయింట్ మెయిల్. ఇది పోతే మన రాజమండ్రి ఆఫీసుకి తాళమేనండీ అని మా లీడ్ ఉదయభాస్కర్ గారు నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

బరువూ జాగ్రత్తా అంటే నాకు నాన్నే గుర్తొచ్చాడు.

ఫిబ్రవరి 10, ఆదివారం

చర్చి నుంచి వచ్చాక నాన్నతో కడియం వెళ్ళి, ఆయన పనిచేసే నర్సరీలోనే వీడియో తీశాను. రెండు చేతుల్లో మొక్కల ట్రేలు. కవర్ల వరసల మధ్య జానెడు దారి. పాదం అడ్డంగా పెట్టి, ఒక్క ఆకు నలక్కుండా నడుస్తాడు. ముప్ఫై ఏళ్ళ అలవాటు. ఏంటే, మీ రోబో కూడా మొక్కలు మోస్తాడా అని ఎడంచేత్తో నా ముక్కు పిండాడు. ఆయనది ఎడంచేతి వాటం. నాకు ఇరవై నాలుగొచ్చినా ముక్కు పిండడం మానలేదు.

ఇంటికొచ్చి వీడియోని బొమ్మ బొమ్మగా ఆపి లెక్కపెట్టాను. అడుగుకి పదహారు ఫ్రేములు. రెండు కాళ్ళకీ అంతే.

ఫిబ్రవరి 19

నడక అప్రూవ్ అయింది. ఆఫీసులో కాజాలు పంచారు.

మార్చి 6

ఇవాళ నాన్న కుడిచేత్తో ముక్కు పిండాడు.

మార్చి 9, ఆదివారం

ఈ నడకని ఎదురువైపు నుంచి తీసిన వీడియో కూడా కావాలన్నాడు క్లయింట్. మళ్ళీ తీశాను. కుడికాలు పదహారు. ఎడంకాలు ఇరవై ఒకటి. మూడుసార్లు లెక్కపెట్టాను. కెమెరా తేడా ఏమోనని నేను నడిచి తీసుకున్నాను. కెమెరా బాగానే ఉంది. చెప్పు వదులైందే అన్నాడు నాన్న. వారం నుంచి నాన్న చొక్కా గుండీలు తనే పెడుతున్నానని అమ్మ అంది. భయమేస్తోంది.

మార్చి 11

ఉదయభాస్కర్ గారు కొత్త వీడియో చూసేశారు. సూపరండీ, దెబ్బతిన్నాక బండోడు ఇలాగే నడవాలి, నాన్నగారు భలే చేశారు అన్నారు. అది నటన కాదని చెప్పలేకపోయాను. ఫైల్ పేరు డ్యామేజ్. నాన్న కాలీడ్చడాన్ని పొద్దున్నించీ ఒక్కో ఫ్రేమూ నా చేత్తో దించాను. బాగా వచ్చింది. బాత్రూమ్‌లోకెళ్ళి ఏడ్చాను.

డాక్టర్ దగ్గరికి రమ్మంటే లారీల లోడింగులు అయ్యాక చూద్దాంలే అంటాడు.

మార్చి 15, శనివారం

సోమవారానికి డెత్ యానిమేషన్ ఇవ్వాలి. బండోడు కూలిపోయి చావాలి. అన్నం తింటూ నోరుజారాను. పడాలి, అంతేగా, తియ్యి అని నాన్న లేచాడు. అమ్మ పరుపు వేసింది. నేను వద్దనలేదు. పడ్డాడు. లేచి నవ్వాడు.

సాయంత్రం 4.10

కావాలని పడినా మనిషి రెండు చేతులూ ఆనించుకుంటాడు. కుడిచెయ్యి తొమ్మిదో ఫ్రేములో ముందుకొచ్చింది. ఎడంచెయ్యి చివరిదాకా రాలేదు. అలా వేలాడుతూనే ఉంది. నాన్న పక్కగదిలో కూనిరాగం తీస్తున్నాడు. ఆసుపత్రికి తీసుకెళ్ళాలి, ఆటో కోసం పరిగెత్తాలి.

మార్చి 16

స్కాన్ తీశారు. తలలో రక్తం చేరి మెదడుని నొక్కుతోందట. జనవరిలో లారీకి మొక్కలెక్కిస్తుంటే వెనక డోరు తలకి తగిలిందట. మొక్కలకేం కాలేదు కదాని ఎవరికీ చెప్పలేదట. డాక్టర్‌గారు వీడియోలన్నీ చూసి, వారం కిందట తెచ్చుంటే బావుండేదమ్మా అన్నారు. నిన్న పడ్డంవల్ల పెరిగిందా అని అడిగాను. చెప్పలేమన్నారు.

నేనే పడేశాను.

మార్చి 17, ఉదయం 9.20

ఆపరేషన్‌కి లోపలికి తీసుకెళ్ళారు. వెళ్ళేముందు బండోడు చచ్చాడా అని అడిగాడు. మాట ముద్దగా ఉంది. లేదన్నాను. అమ్మ ప్రార్థన చేస్తోంది. ఉదయభాస్కర్ గారు ఫోన్ చేసి డెత్ ఫైల్ ఏదండీ అన్నారు. డిలీట్ చేశానని చెప్పి పెట్టేశాను.

మార్చి 19

ముక్కు పిండాడు. ఎడంచేత్తో. ఎన్ని ఫ్రేములో లెక్కపెట్టలేదు.