ఎనిమోన్‌కు ఈరోజు పస్తే

అత్తయ్యా, నిద్రలో ఉన్నారని లేపలేదు. అక్వేరియంలో పువ్వులా విచ్చుకుని ఉండే ఆ సముద్రజీవి, ఎనిమోన్, ముడుచుకుని నిమ్మకాయంత అయిందని కంగారుపడకండి. ప్రాణం ఉంది, తేరుకుంటోంది. ‘ఆకలికి వాడిపోయింది బాబూ, నా కూతురు దీన్ని బిడ్డలా చూసుకునేది’ అని నిన్న మీరు జాలిపడి పెట్టిన రొయ్య ముక్కలు ఎక్కువై కక్కేసింది. ఇంకోసారి అలా అయితే బతకదు. తను పోతూ మనకు మిగిల్చిన ప్రాణి అదొక్కటే. ఈరోజు ఏమీ పెట్టకండి. నీళ్లు తగ్గితే బకెట్‌లోని మంచినీళ్లే పోయండి. తొట్టిలోవి ఉప్పునీళ్లే అయినా ఉప్పు కలపకండి, అది నీళ్లలా ఆవిరి కాదు.

వంట చేసి మూతపెట్టాను. దానికి కొసరి పెట్టినట్టే మీరూ తినండి.

అన్నట్టు, తొట్టి పక్కన కూర్చుని మీ అమ్మాయి చిన్నప్పటి సంగతులు దానికి చెబుతుంటే పక్కగదిలోంచి విన్నాను. చాలావరకు నాకు తెలియనివే. సాయంత్రం నాకూ చెప్పండి.