పదికి నాలుగు

తెనాలి,
ఆదివారం మధ్యాహ్నం

అన్నయ్యకి,

చెల్లెలు దేవి నమస్కారాలు. నేను ఇక్కడ బాగానే ఉన్నాను. మాటవరసకి రాయడం లేదు, నిజంగానే బాగున్నాను. నువ్వూ, వదినా, అమ్మా, పిల్లలూ అందరూ క్షేమమని తలుస్తాను. అమ్మ మోకాళ్లు ఎలా ఉన్నాయి? ఎండుచేపల దగ్గర ఎండలో కూర్చోవద్దని నేను చెబితే వినదు, నువ్వు గట్టిగా చెప్పు. చిన్నదానికి జలుబు తగ్గిందా?

ఫోనుండగా ఉత్తరమేంటని నవ్వకు. ఫోన్లో నువ్వు మాట్లాడనిస్తే కదా! రేపల్లె కుర్రాడొకడు తోస్తే నాకు దెబ్బ తగిలిందని చెప్పీ చెప్పకముందే "రేపల్లెలో వాడి ఇల్లెక్కడే?" అని అడిగి పెట్టేశావు. మళ్లీ చేస్తే బోటు వేటకి వెళ్లిపోయిందని వదిన చెప్పింది. తిరిగి రాగానే బోటు మీద కుర్రాళ్లందరినీ వేసుకుని రేపల్లె వెళ్లి వాడి చేతులు రెండూ విరిచేస్తానన్నావట. అందుకని ఇది రాసి వదినకి పంపుతున్నాను. నువ్వు నిజాంపట్నం ఒడ్డున కాలు పెట్టగానే ముందు ఇది చదవాలి. చివరిదాకా చదవాలి. మధ్యలో లేచి వెళ్లావంటే నా మీద ఒట్టే.

ఇక్కడి సంగతులు ముందు చెప్తాను, నీ కోపం కాస్త దిగుతుంది. తెనాలి ఏమీ దేశంకాని దేశం కాదు, బస్సెక్కితే వచ్చే ఊరే. అయినా గాలి మనది కాదు. సముద్రం గాలి లేక మధ్యాహ్నం ఒళ్లంతా ఉడికిపోతుంది. సాయంత్రమైతే బోటు ఇంజన్ల చప్పుడు కోసం చెవులు వెతుక్కుంటాయి. మేడ మీద గది ఇచ్చిన టీచర్ గారు మంచావిడ. లూథరన్ చర్చిలో పెద్ద. నేను గదిలో ఆటలు ఆడుతుంటే తుపాకుల మోత విని మొదట్లో పైకి పరిగెత్తుకొచ్చేది. ఇప్పుడు అలవాటైపోయింది, "ఇవాళ ఎంతమందిని చంపావమ్మా?" అని అడిగి ప్రార్థనకి వెళ్లిపోతుంది. ఎండు రొయ్యలు వండితే ఆవిడకి కూడా ఒక గిన్నె ఇస్తాను. వదినతో చెప్పి ఈసారి రొయ్యలు కాస్త ఎక్కువ పంపించు. ఇసుక లేకుండా దులిపి పంపమను.

నా పనేంటో నీకు ఇప్పటికీ అర్థం కాలేదని నాకు తెలుసు. హార్బర్లో ఎవరన్నా అడిగితే "మా చెల్లి ఫోన్లో ఆడుకుంటే జీతమిస్తారు" అని చెబుతున్నావట. సగం నిజమే. ఫోన్లలో వచ్చే ఆటలు, చేత్తో పట్టుకుని ఆడే చిన్న మిషన్లలో వచ్చే ఆటలు మేము ముందుగా ఆడతాం. బొమ్మ ఎలా ఉంది, వేలి మాట వింటుందా, ఫోను వేడెక్కుతోందా, మధ్యలో ప్రకటనలతో చంపుతోందా అన్నీ చూసి వీడియోలో చెప్పి పదికి మార్కులు వేస్తాం. నాకు వచ్చేవన్నీ కొట్లాట ఆటలే, ఎందుకంటే ఆఫీసులో వాటిని తట్టుకునేది నేనొక్కదాన్నే. పొద్దున్నే టిఫిన్ తిని కూర్చుంటే మధ్యాహ్నానికి తలలు తెగుతాయి, పేగులు బయటికొస్తాయి, నెత్తురు తెర మీదికి చిమ్ముతుంది. ఒక ఆటలో నరికిన చెయ్యి కింద పడ్డాక కూడా వేళ్లు కదిలాయి. దానికి నేను మార్కులు పెంచాను. అలా తయారైందన్నమాట నీ చెల్లెలు.

ఇప్పుడు అసలు సంగతి. దీన్ని నేను ఎవరికీ చెప్పకుండా ఉండగలననుకున్నాను, ఉండలేకపోయాను.

హార్బర్లో చేపల వేలంపాట దగ్గర అమ్మ నాకు ఏం నేర్పిందో నీకు గుర్తుందా? కొనేవాళ్లం మొదట సగానికి పాడాలి, తర్వాత ఎలాగూ పెరుగుతుంది. చేప ఎంత బాగుంటే ముఖం అంత ముడుచుకోవాలి. నచ్చినట్టు కనిపించామా, పోయినట్టే. ఈ బుద్ధి నాతోపాటు తెనాలి వచ్చింది. చేరిన రోజు నుంచీ నేను ఏ ఆటకైనా సగం మార్కులే రాసి మా సుధీర్ గారికి ఇచ్చేదాన్ని. ఆఫీసు ఆయనదే. ఆయన "ఇంత తక్కువేంటమ్మా?" అనేవారు. నేను ఒకటి పెంచేదాన్ని. ఆయన ఇంకోటి లాగేవారు. చివరికి సరైన చోట ఆగేవాళ్లం. ఆయన నేను మహా కఠినమైన మనిషినని అనుకున్నారు. నేను మార్కులంటే అంతేననుకున్నాను, ఒకరు పాడాలి, ఇంకొకరు పెంచాలి అని. ఇద్దరం ఒకరినొకరు ఎప్పుడూ అడగలేదు.

ఆ మధ్య రేపల్లె నుంచి వంశీ అనే కుర్రాడు తాను తయారుచేసిన ఆట పంపాడు. బోటు మీద ఒంటరిగా ఉన్న మనిషి, దోచుకోవడానికి నాలుగు వైపుల నుంచీ ఎక్కివచ్చే దొంగలు. చేతిలో ఒక్క తెడ్డు. అన్నయ్యా, అది ఆడుతుంటే నాకు ఒళ్లు జలదరించింది. తెడ్డు దవడకి తగిలితే ఫోను అరచేతిలో అదురుతుంది. అల వచ్చినప్పుడు కాళ్లు జారి దెబ్బ గురి తప్పుతుంది, అది బోటెక్కినవాడికి తప్ప ఎవరికి తెలుస్తుంది? పడిన వాడి నెత్తురు నీళ్లలో కలిసి పలచబడడం కూడా పెట్టాడు. నా లెక్కలో అది పదికి ఎనిమిది. అంత నచ్చింది కాబట్టే ముఖం బాగా ముడుచుకుని నాలుగు వేశాను. "ఆడలేం, అలసట" అని నాలుగు పుల్లవిరుపు మాటలు కూడా రాసి వీడియో చేశాను. మా వీడియోల్లో ఆట తప్ప మనుషులు కనబడరు, మా మాటలు కూడా తెర మీద అక్షరాలుగానే వస్తాయి.

ఆ రోజు సుధీర్ గారు బాపట్లలో చుట్టాల పెళ్లిలో ఉన్నారు. ఫోన్ చేసి "నువ్వు వేసిందే పెట్టెయ్ అమ్మా, నీ మీద నాకు నమ్మకం" అన్నారు. ఆ మాటకి నేను పొంగిపోయాను చూడు, అక్కడే చెడింది. నాలుగు అలాగే బయటికి వెళ్లిపోయింది. జనం ఆ వీడియో చూసి ఆ కుర్రాడిని ఆటపట్టించారు. ఆట కొంటామన్న బెంగళూరు కంపెనీ వెనక్కి తగ్గింది. నాకు ఇవన్నీ తర్వాత తెలిశాయి. అయినా నాలుగు తప్పని నాకు మొదటి రోజే తెలుసు, దిద్దుకోవడానికి సిగ్గేసి ఊరుకున్నాను.

మొన్న మంగళవారం పొద్దున వంశీ ఇద్దరు స్నేహితుల్ని తీసుకుని మెట్లెక్కి వచ్చాడు. ఆఫీసులో నేనూ, వీడియోలు కత్తిరించే కరుణాకర్ అన్నా ఉన్నాం. వచ్చీ రాగానే టేబుల్ మీది ఫోన్లన్నీ తీసి గోడకేసి కొట్టారు. అద్దం పెంకులు నా జడలో పడ్డాయి.

"నాలుగేసిందెవర్రా?" అని అరిచాడు వంశీ.

నేను నోరు తెరిచేలోపే కరుణాకర్ అన్న లేచి నిలబడ్డాడు. "నేనే. ఏం చేస్తావ్?" అన్నాడు.

ఆ మాటకి వాడు ఇనప స్టూలు ఎత్తి కొట్టాడు. అన్న చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. మణికట్టు విరిగిన చప్పుడు నాకు వినబడింది. ఆటల్లో వేయిసార్లు విన్నాను ఆ చప్పుడు, ఇలా ఉండదు. చాలా చిన్నగా ఉంటుంది. అన్న కేక కూడా పెట్టలేదు, ఊరికే కింద కూర్చుండిపోయాడు. వాడు మళ్లీ స్టూలెత్తాడు.

"వేసింది నేన్రా!" అని స్టీలు నీళ్ల సీసా తీసుకుని వాడి ముఖం మీద కొట్టాను. మన రక్తమే కదా, చెయ్యి దానంతటదే లేచింది. ముక్కు పగిలి నెత్తురు నా చున్నీ మీదికి చిమ్మింది. మళ్లీ కొట్టాను. మూడోసారి కొట్టబోతుంటే వాడు నన్ను తోశాడు, వెళ్లి అద్దాల తలుపు మీద పడ్డాను. కనుబొమ్మ చీలిపోయి కంట్లోకి నెత్తురు కారింది. కింద సెల్ షాపు వాళ్లు పైకి వచ్చి ముగ్గురినీ మడతపెట్టి కొడుతుంటే, నిజం చెప్తున్నాను, నాకు హాయిగా అనిపించింది. పోలీసులొచ్చారు, కేసు రాశారు. నాకు కుట్లు వేశారు. వాటి గురించి బెంగ వద్దు, కన్ను బాగానే ఉంది, అన్నీ కనబడుతున్నాయి.

మర్నాడు ఆసుపత్రిలో కరుణాకర్ అన్నని చూడడానికి వెళ్లాను. చేతికి మోచేతి దాకా కట్టు. ఆ చెయ్యి లేకపోతే ఆయన పనే లేదు. బాపట్ల నుంచి వాళ్లమ్మగారు వచ్చి పక్కన కూర్చుని గొణుక్కుంటూ ప్రార్థన చేస్తున్నారు. ఆవిడ కాఫీకి వెళ్లాక నేను పాట సంగతి, సగం సంగతి, ఎనిమిది సంగతి అంతా చెప్పేశాను.

అన్న విరిగిన చేతి వైపు చూసుకున్నాడు.

"అంటే నువ్వు నమ్మిన మాట కోసం దెబ్బ తిన్నాననుకున్నానమ్మా. అది నీ మాట కూడా కాదా?" అన్నాడు.

ఏడ్చాను. అన్న ఓదార్చలేదు. "ఏడవడం ఎందుకు? వెళ్లి నీ మాట నువ్వు చెప్పు. లేకపోతే ఈ చెయ్యి ఊరికే విరిగినట్టు" అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

సుధీర్ గారు ఒప్పుకోలేదు. "ఇప్పుడు పెంచితే కర్ర పట్టుకుని వచ్చిన ప్రతివాడికీ పెంచాలి. దెబ్బలకి భయపడి మార్చారంటారు" అన్నారు. ఆయన చెప్పింది అబద్ధం కాదు. రెండు రోజులు అన్నం సయించలేదు. మార్చకపోతే అబద్ధం మిగులుతుంది, మారిస్తే వాడి స్టూలు గెలిచినట్టవుతుంది. టీచర్ గారు నా కుట్లు చూసి పెట్టిన చారన్నం కూడా వదిలేశాను. చివరికి శుక్రవారం సుధీర్ గారి దగ్గరికెళ్లి, నన్ను చెప్పనివ్వకపోతే పని మానేస్తానన్నాను. ఆయన కాసేపు తిట్టి, తర్వాత కెమెరా ఆయనే పట్టుకున్నారు.

కనుబొమ్మ మీది కట్టు తీసేసి, మొదటిసారి ముఖం చూపిస్తూ, కుట్లు కనబడేలాగే కూర్చున్నాను. నాలుగు ఎందుకు వేశానో చెప్పాను. ఆట ఆడి చూపించి, ఎక్కడ బాగుందో, ఫోను ఎక్కడ కాలిపోతోందో చెప్పి ఎనిమిది వేశాను. ఆ ఆట చేసినవాడే కరుణాకర్ అన్న చెయ్యి విరగ్గొట్టాడనీ, కేసు నడుస్తుందనీ, కోర్టులో సాక్ష్యం చెబుతాననీ కూడా చెప్పాను. నేను వాడి ముక్కు పగలగొట్టింది కూడా దాచలేదు.

నిన్న వంశీ వాళ్ల నాన్న పండ్లు పట్టుకుని వచ్చారు. చెరుకుపల్లి వైపు కౌలు చేసుకునే మనిషి. మెట్ల మీదే నిలబడిపోయారు. "ఎనిమిది ఇచ్చావు కదమ్మా, కేసు కూడా వదిలెయ్యమ్మా, కుర్రాడు పాడైపోతాడు" అన్నారు.

"ఎనిమిది ఆటకి అండి, మీవాడికి కాదు" అన్నాను. పండ్లు తీసుకోలేదు. ఆయన దిగి వెళుతుంటే వెనక్కి పిలవలేదు.

అన్నయ్యా, ఇది చదువుతూ నువ్వు పళ్లు కొరుకుతూ ఉంటావు. నీ చెయ్యి ఎంత బరువో నాకు తెలుసు. హార్బర్లో బోటుకి ఐస్ ఎక్కించే దగ్గర గొడవలో నువ్వు కొడితే ఆ మనిషి దవడ పక్కకి తిరిగిపోవడం నేను దగ్గరుండి చూశాను, అప్పుడు నిన్ను చూసి గర్వపడ్డాను కూడా. ఇప్పుడు పడను. నువ్వు వాడిని కొడితే నేను చెప్పిన నిజం ఎవరికీ గుర్తుండదు, దెబ్బలే గుర్తుంటాయి. కాబట్టి నువ్వు రేపల్లె వెళ్లకూడదు. బతిమాలుతున్నాను. వినకుండా వెళ్లి వాడి ఒంటి మీద చెయ్యి వేశావా, స్టేషన్లో నీ మీద కేసు పెట్టేది నేనే. సాక్ష్యం చెప్పేదీ నేనే. వాడి పేరు రాయించిన నోటితోనే నీ పేరూ రాయిస్తాను. నా సంగతి నీకు తెలుసు, నన్ను పెంచింది నువ్వే.

అమ్మకి కుట్ల సంగతి మెల్లగా చెప్పు, పాట సంగతి అసలు చెప్పకు, తన వల్లే అనుకుంటుంది. వదినకి, పెద్దలందరికీ నా నమస్కారాలు. పిల్లలకి ముద్దులు. నన్ను ఆశీర్వదించు. ఒళ్లు మండితే ముందు తిట్టి తర్వాత ఆశీర్వదించు, కానీ ఇంట్లోనే కూర్చుని.

నీ చెల్లెలు,
దేవి