మాసా అడిగిన మాట

కొంటా, బస్తరు సంస్థానం
2 జూన్ 1941

అమ్మకు నీ పెద్దకూతురు శౌరి దణ్ణం పెట్టి రాసేది. ఏసునాథుని దయవల్ల నేనూ, నాతో ఉన్న ముగ్గురు సిస్టర్లూ బాగున్నాం. నువ్వూ తమ్ముడూ బాగున్నారని తలుస్తాను.

దగ్గు తగ్గిందా అని అడిగావు. తగ్గింది. అన్నం దొరుకుతోంది, నెయ్యి సంగతి అడగకు. నేను నడిపే బడికీ ఆసుపత్రికీ ఆఫీసర్లు వచ్చి నాకు దణ్ణం పెడతారని ఊళ్లో చెప్పుకుంటున్నావట. ఇక చెప్పుకోకు. ఇక్కడి తహసీల్దారు ఎలాంటివాడో విను.

ఆసుపత్రి గడప దాటాలంటే వాడు ముక్కుకు అత్తరు రుమాలు అడ్డం పెట్టుకుంటాడు. కోయపిల్లలు పలక పడితే పశువులనెవరు కాస్తారని నన్నే నిలదీస్తాడు. పైవాళ్లొస్తే తోరణాలు కట్టించడం, వంగి వంగి నిలబడటం, వాడికి తెలిసిన పరిపాలన అంతే.

ఎండలకు శబరి ఏరు అడుగంటాక గత్తర, అదే కలరా, లేచింది. మూడు రోజుల్లో తొమ్మిదిమంది పోయారు. సంత ఆపించమని వాడికి కబురు పెట్టాను. సంస్థానం దివాను ఊరు చూడటానికొచ్చే వారమే సంత ఆగితే తన పరువు పోతుందట. అందరూ మామూలు జ్వరంతో పోయారని తనే ఒక కాగితం రాసి పట్టుకొచ్చాడు.

“సంతకం పెట్టండి మదర్. లేదా రేపు బడికి తాళం పడుతుంది” అన్నాడు.

ఆ కాగితం వాడి మొహాన కొట్టానని పోయిన ఉత్తరంలో రాశాను. అబద్ధం అమ్మా. సంతకం పెట్టాను. అరవైమంది పిల్లల చదువని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

సంత జరిగింది. మా బడిలో అందరికంటే ముందు చదవడం నేర్చిన దేవే అనే పిల్ల, వాళ్లమ్మతో ఉప్పుకని వెళ్లింది. మూడోనాడు మా ఆసుపత్రిలోనే పోయింది. దాని తండ్రి మాసా నన్ను ఒక్కటే అడిగాడు.

“అది గత్తరని నీకు ముందే తెలుసా అమ్మా?”

తెలుసన్నాను. అతను బిడ్డను చాపలో చుట్టుకుని పోయాడు.

తహసీల్దారును చీదరించుకోవడం తేలిక. రోగం సంతలో ఎలా పాకుతుందో వాడికి తెలియదు. తెలిసి సంతకం పెట్టినదాన్ని నేను.

మర్నాడే నా సంతకం అబద్ధమని రాసి జగదల్‌పూరుకు, దివానుకు పంపాను. తర్వాతి సంతలు ఆగాయి. తహసీల్దారును ఇంకా పెద్ద ఊరికి మార్చారు. వెళ్లేముందు వాడు బడికి తాళం వేయించాడు. మా మఠం వాళ్లు నన్ను పెద్దరికం నుంచి తీసేశారు. సరిగ్గానే చేశారు. ఇప్పుడు ఆసుపత్రిలో దుప్పట్లు ఉతుకుతున్నాను.

నిన్న మాసా మిగిలిన ఇద్దరు పిల్లలనూ సూదిమందుకు తీసుకొచ్చాడు. నేను ఎదురెళితే ఆగిపోయి, “నువ్వు వద్దు, చిన్న సిస్టరును పిలువు” అన్నాడు. పిలిచాను. పక్కగదిలో సూదులు మరగబెట్టి ఆమె చేతికిచ్చాను.

తమ్ముడు ఇది చదివేటప్పుడు ఇరుగుపొరుగు ఉంటే విననీ.

ఇట్లు,
నీకు అబద్ధం రాసిన కూతురు,
శౌరమ్మ