క్యాన్ నీళ్ళతో కడిగిన కారు

బావా,

నువ్వు పోయి పద్నాలుగు నెలలైంది. ఎలా ఉన్నావని అడగను. ఇన్నాళ్ళూ రాయలేదంటే తీరిక లేక కాదు, రాయడం మొదలుపెడితే తిట్లే వస్తాయని. కోపం తగ్గాక రాద్దామనుకున్నాను. అది తగ్గేలా లేదు. అందుకే ఈ వేళ తిట్టడానికే కూర్చున్నాను.

ముందు అసలు సంగతి చెప్పేస్తాను. నీ కారు స్ప్రింగులు విప్పేశాను. అవును, నేనే. నువ్వు వైజాగ్ నుంచి ఏరి కోరి తెప్పించుకుని, కారుని నేలకి జానెడు ఎత్తుకి దింపావే, ఆ పొట్టి స్ప్రింగులు ఇప్పుడు కోళ్ళగూటి పక్కన పడున్నాయి. ఆ వెడల్పు చక్రాలు, అప్పడాల్లాంటి టైర్లు కూడా తీసేశాను. కారు మళ్ళీ కంపెనీ నుంచి వచ్చినప్పటి ఎత్తుకి లేచింది. నువ్వు చూస్తే ఏడుస్తావు. ఏడువు.

ఎందుకు విప్పానో తెలుసా? అత్తకి డయాలసిస్ మొదలైంది.

మీ అమ్మకే, బావా. నీకొచ్చిన కిడ్నీ జబ్బే. వారానికి మూడు రోజులు టెక్కలి ఆసుపత్రికి వెళ్ళాలి. మన ఉద్దానంలో ఇది వింతేమీ కాదు, కిడ్నీ చెడితే రక్తంలో పెరిగే క్రియాటినిన్ అంటే ఏమిటో ఇక్కడ బడిపిల్లలకి కూడా తెలుసు. అయినా మనింటికే రెండోసారి ఎందుకు రావాలి?

ఆటోలో ఆవిడకి వాంతులు. అందుకని నేను టెక్కలిలో డ్రైవింగ్ నేర్చుకుని లైసెన్సు తెచ్చుకున్నాను. నువ్వుండగా కట్టుకున్న పెళ్ళాన్ని స్టీరింగు మీద చెయ్యైనా వెయ్యనిచ్చావా? "ఒసే రాజీ, ఇది స్కూటీ కాదే, ముట్టుకోకు" అనేవాడివి. ముట్టుకున్నాను. ఏం, కరిచిందా?

మొదటి రోజు ఆ బిరుసు స్ప్రింగుల మీదే అత్తని ఎక్కించుకుని వెళ్తే... గతుకు గతుక్కీ ఆవిడ డయాలసిస్ సూదుల కోసం కొత్తగా ఆపరేషన్ చేసిన చెయ్యిని గుండెలకి హత్తుకుని, కొంగు నోట్లో కుక్కుకుంది. నాకు నువ్వు గుర్తొచ్చావు. నువ్వూ అలాగే పళ్ళ బిగువున కూర్చునేవాడివి.

అసలు నీకు ఆ కారంటే ఎందుకంత పిచ్చి? జీడితోటలో పని ముగించి వచ్చి, కూడు తినకుండా దాని కిందకి దూరేవాడివి. ఐదు వేల కిలోమీటర్లకి ఒకసారి ఆయిల్ మార్పు, ఫిల్టరు మార్పు. కాలిన ఆయిల్‌ని వేళ్ళ మధ్య రుద్ది, వాసన చూసి, ఇంజను లోపల ఎలా ఉందో చెప్పేసేవాడివి. నీ లోపల ఎలా ఉందో చెప్పడానికి ఒక్క సిరంజి రక్తం చాలు. మన బడిలో పరీక్షలు చేసిన రోజున ఊరంతా వరసలో నిలబడితే, నువ్వు కొత్త సైలెన్సర్ బిగించుకుంటూ కూర్చున్నావు. పిలవడానికి వస్తే ఏమన్నావో గుర్తుందా? "నాకేటవుతాదే? గుర్రంనాగున్నాను."

గుర్రమట!

ఆ నీళ్ళ సంగతి తలుచుకుంటే ఇంకా మండుతుంది. భావనపాడు బీచి రోడ్డు మీద తిరిగొచ్చిన ప్రతిసారీ కారు అడుగుభాగం కడగాలి, ఉప్పుగాలికి తుప్పు పడుతుందని. దానికి బోరు నీళ్ళు పనికిరావు. "బోరు నీళ్ళు కారుకి పడవే, ఉప్పు తినేత్తాది" అని, తాగడానికి తెప్పించుకున్న క్యాన్ నీళ్ళతో కడిగేవాడివి. కడిగి, చెమటలు కారుతూ వచ్చి, బోరు కింద చెంబు పెట్టుకుని గటగటా తాగేవాడివి. "క్యాన్ నీళ్ళు సప్పగుంటాయి, మన బోరుకున్న రుసి దేనికుంటాది?" అనేవాడివి. అత్తకీ అదే రుచి. తల్లీకొడుకులు ఒకే చెంబుతో తాగేవారు.

క్యాన్ వంచి నీ బకెట్లో పోసింది నేనే. కారుకి పడని నీళ్ళు మనిషికి పడతాయా అని ఒక్కసారైనా నేనెందుకు అడగలేదు? నీళ్ళే కారణమని ఎవరూ తేల్చి చెప్పలేదులే. డాక్టర్లకే తెలియనిది నాకేం తెలుస్తుంది... కానీ రాత్రీ పగలూ నా కళ్ళకి ఆ బకెట్టే కనబడితే నేనేం చెయ్యను?

నొప్పి బిళ్ళలు మాత్రం నీ సొంత తెలివి. సిమెంటు గచ్చు మీద వెల్లకిలా పడుకుని నడుం పట్టేస్తే, కిరాణా కొట్లో విడిగా అమ్మే బిళ్ళ ఒకటి. తర్వాత రెండు. "ఒక్క బిళ్ళేసుకుంటే సాయంత్రం దాకా నడుం ఉందన్న మాటే గుర్తుండదే." ఆ బిళ్ళలు కిడ్నీల్ని తినేస్తాయని ఆశా వర్కరు అమ్మాయి ఇంటింటికీ తిరిగి చెప్పింది. నువ్వు దానికీ నవ్వావు.

చివరి నాలుగు నెలలు గుర్తున్నాయా? టెక్కలికి మీ చిన్నాన్న కొడుకు కారు నడిపేవాడు, నువ్వు పక్కన. స్పీడ్‌బ్రేకర్ వస్తే కారు కడుపు గీసుకుపోతుందని డిక్కీలో రెండు చెక్కలు పెట్టావు. ప్రతి స్పీడ్‌బ్రేకర్ దగ్గరా నేను దిగి, చీర కుచ్చెళ్ళు ఎగ్గట్టి, చక్రాల ముందు చెక్కలు పరిచి, కారు ఎక్కి దిగాక మళ్ళీ తీసి డిక్కీలో పెట్టాలి. జనం ఆగి నవ్వుకునేవారు. డయాలసిస్ అయ్యి, మొహంలో నెత్తుటి చుక్క లేకుండా తల వేలాడేసి కూర్చుని కూడా, చెక్క తిన్నగా వేశానో లేదో చూసేవాడివి!

పాత స్ప్రింగులు వేయించుకుందాం బావా, నీ ఒళ్ళు హూనమైపోతోంది అని కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. "నాను సచ్చినా ఆ కారు ఎత్తు పెరగదు" అన్నావు. అదీ నీ మాట. నీ పంతం నెగ్గింది. ఎవరికేం ఒరిగింది?

ఆ పాత స్ప్రింగులు అటక మీద దొరికాయి. గ్రీజు పూసి, గోనెపట్టా చుట్టి, వెనక ఎడమ, వెనక కుడి అని రాసి మరీ దాచావు. "అమ్మే రోజుకి కావాలే" అన్నావు కదూ? అంటే ఎవడో ముక్కూ మొహం తెలియనివాడు మెత్తగా కూర్చోవాలి. నువ్వూ, మీ అమ్మా మాత్రం ఎముకలు విరగ్గొట్టుకోవాలి. ఆ రాత చదివి ఎంతసేపు కూర్చున్నానో... ఏడుపు కాదు, ఒట్టి కోపం.

ముందరి స్ప్రింగుల్ని నొక్కి పట్టి విప్పాలి, జారితే ప్రాణం పోతుందని నువ్వే అనేవాడివి. అవి నేను ముట్టుకోలేదు, టెక్కలి మెకానిక్‌కి ఇచ్చాను. వెనకవి నేనే చేశాను. "జాకీని నమ్మకే, స్టాండెట్టు" అన్నావు కదా, పెట్టాను. చక్రాలు విప్పి, ఇరుసు కింద జాకీ ఆనించి, షాకబ్జర్ల కింది బోల్టులు వదులు చెయ్యబోతే ఒకటి తుప్పుకి పట్టేసింది. అన్ని క్యాన్లు పోసి కడిగావు, ఆ ఒక్క బోల్టుకీ నీళ్ళు చేరలేదా? రెంచికి ఇనుపగొట్టం తొడిగి, దాని మీదెక్కి నిలబడ్డాను. కిర్రుమని వదిలింది. జాకీ మెల్లగా దించితే స్ప్రింగు దానంతటదే చేతిలోకి వచ్చేసింది. ఇంతేనా అనిపించింది.

ఆ చెక్కలు రెండూ నీళ్ళపొయ్యిలో పెట్టేశాను.

నిన్న అత్తని తీసుకెళ్ళాను. వంతెన దగ్గర గతుకుల్లో కూడా ఆవిడ చెయ్యి ఒళ్ళోనే ఉంది. వచ్చేటప్పుడు కాసేపు కునుకు తీసింది కూడా. లేచాక, ఈ మార్పంతా చెయ్యడానికి ఎన్నాళ్ళు పట్టిందే అని అడిగింది. వెనకవి ఒక పూట, ముందరవి ఒక పూట, ఒక్క రోజే అత్తా అన్నాను.

ఆవిడ జీడితోటల వైపు చూస్తూ అడిగింది... మరి నా కొడుక్కెందుకు సెయ్యనేదే అని.

గొంతులో కోపం లేదు. ఉన్నా బాగుండును.

ఏం చెప్పను బావా? నువ్వు తిడతావని భయపడ్డానని చెప్పనా? నువ్వు మంచం మీంచి లేవలేని రోజుల్లో కారు పెరట్లోనే ఉంది. స్ప్రింగులు అటక మీదే ఉన్నాయి. మెకానిక్ టెక్కలిలోనే ఉన్నాడు. నువ్వు ఆపగలిగేవాడివా? ఒక్క రోజు పని. నాలుగు నెలల్లో ఆ ఒక్క రోజు నాకు దొరకలేదు. నువ్వు వద్దన్నావు, నేను మానేశాను. నిన్ను తిట్టడానికి కూర్చుంటే చివరికి ఇక్కడికొచ్చి ఆగాల్సి వస్తోంది.

నిన్న అత్త అడిగితే రేడియో పెట్టాను. రేపు మళ్ళీ టెక్కలి వెళ్ళాలి. దారిలో చెప్పేస్తాను, నీ కొడుకు వద్దంటే నేను విన్నాను అని. ఆవిడ ఏమన్నా పడతాను.

ఆవిణ్ణి డయాలసిస్ మంచమెక్కించాక, అక్కడే నా రక్తం కూడా పరీక్షకి ఇస్తాను. భయంగానే ఉంది. అయినా ఇస్తాను, కాగితంలో ఏముంటే అది అత్తకి చదివి వినిపిస్తాను.

రాజీ