సీసాలను ఊపే యంత్రానికి వేసిన సీలు గురించి

పరిశోధనశాల పరిపాలనాధికారి గారి సముఖమునకు, సీసాలు కడిగే అటెండరు, సెలవు దినాల్లో వాక్యం బోధించేవాడు వ్రాసుకున్న అర్జీ.

అయ్యా,

విషయం: రెండో అంతస్తులో బ్యాక్టీరియా సీసాలను ఊపే యంత్రానికి తమరు వేయించిన సీలు తక్షణం తీయించుట గురించి.

1. "ఇవి వెలుతురుతో బతికే బ్యాక్టీరియా గనుక గాలి అనవసరం. యంత్రం ఆపి సీసాలను కిటికీలో పెట్టవలెను" అని నిన్న ఉదయం తమ ఉత్తర్వు. కరెంటు పొదుపట! ప్రవక్త దారి తప్పితే గాడిద నోటితో బుద్ధి చెప్పించిన దేవుడున్నాడు. అటెండరు నోటితో చెప్పించడం ఆయనకొక లెక్క కాదు. కావున వినవలెను.

2. ఈ జీవులు వెలుతురుతోనూ బతుకుతాయి, చీకట్లో గాలి పీల్చీ బతుకుతాయి. పీల్చేటప్పుడు వాటి లోపల ఎలక్ట్రాన్లు ఒక కూడలి దాకా వచ్చి రెండు దారులుగా చీలతాయి. మొదటి దారిలో సైటోక్రోములనే ఇనుము గల ప్రోటీన్లు, మంటలార్పేవాళ్లు బిందెలు అందించుకున్నట్టు, ఎలక్ట్రాన్లను చేతులు మార్చి ఆక్సిజన్‌కు అప్పగిస్తాయి. రెండోది ఆ బారును తప్పించుకుపోయే అడ్డదారి. ఈ బొమ్మ తమ గది గోడమీదే ఉన్నది. దానిమీద తమరు గడియారం తగిలించారు.

3. యంత్రం మీదున్నది మామూలు రకం కాదు. ఇక్కడి పరిశోధక విద్యార్థిని, నా చెల్లెలి కూతురు (బంధుత్వం దాచను), నాలుగేళ్లు కష్టపడి మొదటి దారిలోని సైటోక్రోము ముక్కను తీసేసిన రకం. వెలుతురుతో బతకాలన్నా ఆ ముక్కే కావాలి. కావున సూర్యుణ్ణి దింపి పక్కన కూర్చోబెట్టినా దానికి ఒరిగేది లేదు. మిగిలింది అడ్డదారి, దాని చివర గాలి. ఊపితేనే సీసా నీళ్లలోకి గాలి పోతుంది. ఫ్రీజరులో దాచిన ఈ రకం విత్తనం పోయిన నెల, ఫ్రీజరు ఆపమన్న తమ మొదటి పొదుపు ఉత్తర్వుకే కరిగి పాడైపోయింది. ఉన్నది ఈ ఒక్క సీసా.

4. పిల్ల వచ్చి ఇదంతా తమకు చెప్పింది.

"చూడమ్మాయ్, ఎండ ఉచితం. దానికి అలవాటు చెయ్యి" అన్నారు తమరు.

"కాళ్లు లేనివాణ్ణి మెట్లెక్కడం అలవాటు చేసుకోమంటారా సార్?"

"ఎదురు మాటా? బయటికి నడువు!"

మట్టిబొమ్మ ముక్కుపుటాల్లో ఊపిరి ఊదినవాడు తమ అనుమతి అడగలేదు. అడిగి ఉంటే మనమంతా ఇంకా మట్టిగానే ఉండేవాళ్లం, ఫైలు తమ బల్లమీద నానుతూ ఉండేది.

5. నిన్నటి నుంచి నేనూ పిల్లా వంతులవారీగా సీసాను చేత్తో ఊపుతున్నాం. ప్రస్తుతం కుడిచేత సీసా, ఎడమచేత కలం. అక్షరాలు వంకరపోతే అదీ తమ పొదుపే. ఇందాక "నా వల్ల కాదు మామయ్యా, వదిలేద్దాం" అని బల్లమీద తల వాల్చింది. ఈ నాలుగేళ్లలో ఆ పిల్ల నోట ఆ మాట వినలేదు.

చిత్తమంటూ ఉంటే, ఈ పూటే చిత్తగించవలెను.

తమ విధేయుడు, ఈ ఒక్క ఉత్తర్వు మినహా,
సీసాలు కడిగేవాడు

తా.క.: సంతకం చేస్తుండగా చెయ్యి తిమ్మిరెక్కి సీసా జారబోయింది. ఈ కాగితం తమ దాకా చేరాలంటే ఇద్దరు గుమస్తాలూ, ఒక భోజన విరామమూ దాటాలి. అంత ఊపిరి ఈ సీసాకు లేదు. సీలు నేనే కోసేశాను, యంత్రం తిరుగుతున్నది. కోసిన ముక్క ఈ అర్జీకే గుచ్చాను. విచారణకు నన్ను పిలవండి. పిల్లకేమీ తెలియదు, నిద్రపోతున్నది.