పోనాది, అయిపోనాది

పలాస కాపురస్తుడను, జీడిపప్పు వ్యాపారిని, బమ్మిడి జగన్నాథరావు అను నేను, బుద్ధి నిలకడగా ఉండి, ఎవరి బలవంతమూ లేకుండా నా చేత్తో రాసుకున్న వీలునామా. బుద్ధి నిలకడ సంగతి మా ఆవిడ ఒప్పుకోదు. కలర్ ఫిల్మ్ ఇంట్లో కడుక్కునే మనిషికి అది ఉండదని ఆమె వాదన. డాక్టరు ఒప్పుకున్నాడు, చాలు.

1. పలాస ఇల్లు, పూండి జీడితోట నా భార్య అప్పలనరసమ్మకు, ఆమె తదనంతరం మా అమ్మాయి యామినికి సర్వహక్కులతో చెందవలెను. అమలు బాధ్యత యామినిది.

2. నేను డార్క్‌రూంగా ఆక్రమించుకున్న రెండో బాత్రూం నా భార్యకు తిరిగి అప్పగిస్తున్నాను. తలుపు సందుల్లో కుక్కిన తన పాత చీరలు తీసుకోవచ్చు. పెళ్ళైన కొత్తలో తీసిన తన నెగటివ్‌లు కూడా ఆమెకే. వాటిలో ఆకుపచ్చ చీర గులాబీ రంగులో, జుట్టు గోరింటాకు పెట్టినట్టు కనిపిస్తాయి. ఇప్పుడు నిజంగానే పెడుతోంది కాబట్టి కంగారు పడదు.

3. ఫిల్మ్ కడిగే ట్యాంకు, మందుల సీసాలు, థర్మామీటరు యామినికి. డెవలపర్ ముప్పై ఎనిమిది డిగ్రీలు ఉండాలి. థర్మామీటరు పగిలితే అమ్మను పిలవవలెను. పసితనంలో నీకు పోసిన నీళ్ళ వేడి అదే, మోచెయ్యి ముంచి చెప్పేస్తుంది. ఆ చెయ్యంటే నాకు ఎంత ఇష్టమో ఆమెతో ఎప్పుడూ అనలేదు, ఇక్కడ రాస్తున్నాను.

4. ఇక నా తమ్ముడు కృష్ణారావు. మూడేళ్ళ కిందట మా అమ్మ బొడ్డమ్మ, పూండి తోటలో జీడిపిక్కలు ఏరుతూ, కెమెరా చూసి మొదటిసారి మొహం తిప్పుకోకుండా నవ్వింది. రెండు రీళ్ళు తీశాను. కలర్ రీలు ట్యాంకులోకి ఎక్కించేటప్పుడు ఎర్రలైటు కూడా పనికిరాదు, అంతా చీకటే. తలుపు బయట కృష్ణారావును కాపలా పెట్టాను. నేను "అయిపోనాది" అన్నాకే తియ్యాలని ఒప్పందం. లోపల ట్యాంకు మూత చేయి జారి "ఓలమ్మ, పోనాది" అన్నాను. వాడు "అయిపోనాది" అని విని తలుపు తీశాడు. వెలుగు పడి రీలు పాడైంది. ఆ ఏడే అమ్మ కూడా పోయింది. అప్పటినుంచి బజారులో ఎదురుపడినా మాకు మాటల్లేవు.

నేనన్నది పోనాదే. ఈ వాక్యాన్ని నా వారసులెవరూ మార్చరాదు.

రెండో రీలు ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె వెనక ఉంది. ఇలాగే ఉంచితే రంగులు చెడతాయి. కడగడానికి నాకు ధైర్యం చాలలేదు. ఇదీ పోతే అమ్మ నవ్వు ఇంకెక్కడా లేదు. అది కృష్ణారావుకు ఇస్తున్నాను. రీలు ఎక్కించడం వాడికి నేర్పింది నేనే. ఈసారి లోపల వాడుండాలి, బయట యామిని ఉండాలి. పాడైనా వాణ్ణి ఎవరూ ఒక్క మాట అనరాదు.

ఇదే రోజు చేర్చినది: సాక్షి సంతకానికి యామిని పిలిస్తే కృష్ణారావు వచ్చాడు. నాలుగో అంశం చదివి, "నువ్వు సచ్చీదాకా ఆగితే ఇంక రంగులుంతాయేటి" అని ఫ్రిజ్‌లోంచి రీలు తీసుకుని నేరుగా బాత్రూంలోకి పోయాడు. తలుపు బయట నేనే కూర్చున్నాను. లోపల ఏదో పడిన చప్పుడైంది. నేను కదల్లేదు. "అయిపోనాదన్నియ్యా" అన్నాడు. మళ్ళీ రెండుసార్లు అనిపించుకుని తీశాను. అప్పలనరసమ్మ మోచెయ్యి ముంచింది, ఇద్దరం కలిసి కడిగాం. అమ్మ వచ్చింది. నెగటివ్‌లో పళ్ళు నల్లగా, మొహమంతా నవ్వు. కాబట్టి నాలుగో అంశం రద్దు చేయడమైనది.

పలాస, 16 నవంబరు 2025
(సం.) బమ్మిడి జగన్నాథరావు

సాక్షులు:
1. తవిటయ్య, పక్కింటివాడు.
2. బమ్మిడి కృష్ణారావు, తమ్ముడు. ఆ రోజు అన్నియ్య అన్నది అయిపోనాదే. దానికీ నేనే సాక్షిని.